యమహా ఆర్15 బైక్‌కి లెదర్ రేస్ సూట్: కొన్ని సీజన్లు వాడాక

అనంతపురంలో నా రేస్ సూట్ చూసినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఆర్15కి ఇంత కత అవసరమా నా?" బండి ధరలో దాదాపు ఐదో వంతు సూట్‌కే పెట్టానంటే నవ్వుతారు కూడా. వాళ్ల అనుమానం అర్థం కానిదేమీ కాదు. 155 సీసీ బండి, సప్తగిరి సర్కిల్ దగ్గర కాసేపు నిలబడితే నాలుగు కనిపిస్తాయి. కానీ ట్రాక్ మీద మెయిన్ స్ట్రెయిట్ (మలుపుల్లేని పొడుగాటి దారి) చివరికొచ్చేసరికి అదే బండి గంటకు 130 కిలోమీటర్లు దాటుతుంది. అక్కడ జారితే ఆగేదాకా ఒళ్లు తారు మీద రాసుకుంటూ పోవాల్సిందే. ఆ రాపిడికి మామూలు జీన్స్ ప్యాంటు చాలా త్వరగా చిరిగిపోతుంది. అందుకే, అవసరమే.

నాది వన్‌పీస్ సూట్. ఆవు తోలు, మందం 1.2 నుంచి 1.4 మిల్లీమీటర్లు, వీపు మీద గాలి సాఫీగా జారేలా గూనిలాంటి ఉబ్బు, ఛాతీ దగ్గర సన్నటి రంధ్రాలు, మలుపుల్లో వాలినప్పుడు నేలకు రాసుకునేలా మోకాళ్లకు ప్లాస్టిక్ స్లైడర్లు. మన దేశంలోనే కొలతలిచ్చి కుట్టించుకున్నది, 32 వేల దాకా అయింది. కుట్టినవాళ్ల పేరు చెప్పను. కింద చెప్పబోయే లోపాలు ఈ ధరలో దొరికే చాలా సూట్లలో చూశాను. కంగారూ తోలుతో చేసినవి ఇంకా పలచగా, తేలికగా ఉండి కూడా గట్టిదనంలో తగ్గవు. కాకపోతే ఆ ధరకు ఇంకో సెకండ్‌హ్యాండ్ బండి వస్తుంది.

వాడింది ఎక్కువగా చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌ది, 1990 నుంచి నడుస్తోంది. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు గానీ మా నోట్లో ఇంకా పాత పేరు ఎమ్మెమ్మార్టీనే (మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్). నేనూ ధర్మవరం స్నేహితుడూ ఒక పికప్ బాడుగకు మాట్లాడుకుని, రెండు బండ్లూ కట్టేసి, కదిరి, మదనపల్లె, చిత్తూరు మీదుగా రాత్రంతా పోతాం. రాణిపేట దాటేటప్పుడు టానరీల వాసన కిటికీలోంచి కొడుతుంది. తిరుగు ప్రయాణంలో మా సూట్లు ఆ వాసనకు గట్టి పోటీ ఇస్తాయి.

ముందు ఫిట్ గురించి, ఎందుకంటే ఈ సూట్‌లో నాకు బాగా నచ్చింది అదే. ఆన్‌లైన్‌లో ఒక ఫారం పంపి, ఇరవైకి పైగా కొలతలు అడిగారు. మా వీధి టైలర్ దగ్గరికి పోయి, బండిని ప్యాడక్ స్టాండ్ (చక్రం పైకెత్తి నిటారుగా నిలిపేది) మీద నిలబెట్టి, దాని మీద వంగి కూర్చుని కొలతలు తీయమన్నా. "ప్యాంటు కొలతకి బండెక్కేటోణ్ణి ఇప్పుడే చూస్తున్నానప్పా" అన్నాడు. కానీ అలాగే తీయాలి. నిటారుగా నిలబడి ఇచ్చిన కొలతలతో కుట్టిన సూట్, వంగి కూర్చోగానే వీపు దగ్గరా తొడల మధ్యా లాగుతుంది, చేతులు మణికట్టు పైకి ఎగబాకుతాయి. సరిగ్గా కుట్టిన సూట్‌లో నిలబడటమే కష్టం. పిట్‌లో (ట్రాక్ పక్కన బండ్లు ఆపుకునే చోట) అందరం కాస్త గూనిగా నడుస్తుంటాం, కొత్తవాళ్లకి నడుంనొప్పేమో అనిపిస్తుంది.

వదులు సూట్ ఇంకా ప్రమాదం. నా స్నేహితుడు తక్కువకు వస్తోందని రెడీమేడ్‌లో ఒక సైజు పెద్దది తీసుకున్నాడు. స్ట్రెయిట్‌లో గాలి దూరి సగం నిండిన చెనిక్కాయ మూటలా ఊగుతుంటుంది. అందం సంగతి అటుంచండి, పడినప్పుడు అసలు సమస్య ఏమిటంటే మోచేతి దగ్గర ఉండాల్సిన ప్యాడ్ ముంజేతి మీదికి తిరిగిపోతుంది. తోలు ఎంత మంచిదైనా, ప్యాడ్ తన చోట లేకపోతే దెబ్బ ఎముకకే. నా లెక్కలో తెలియని బ్రాండ్ సూట్ ఒంటికి పట్టినట్టుంటే, పేరున్న బ్రాండ్ వదులు సూట్ కంటే మేలు. కొత్తలో ఊపిరాడనట్టు ఉంటుంది, కొన్నిసార్లు వేసుకున్నాక తోలు కొంచెం సాగి ఒంటి ఆకారానికి వస్తుంది. కాకపోతే మన ఒళ్లు కూడా సాగుతుంది. ఉగాది తర్వాత, వరసగా పెళ్లిళ్లు తగిలిన నెలల్లో, ఓళిగల లెక్క నడుం దగ్గర జిప్పే చెబుతుంది.

ఇక వేడి. ఇది సూట్ లోపం అనలేను గానీ, దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. అనంతపురం వాడికి ఎండ కొత్తా అనుకుంటారు. మా ఊళ్లో మే నెలలో 42 డిగ్రీలు పొడి ఎండ, చెమట పట్టినట్టే తెలియదు, వెంటనే ఆరిపోతుంది. శ్రీపెరంబుదూరు దగ్గర 34 డిగ్రీలున్నా గాలిలో తేమకి చెమట ఆరనే ఆరదు. ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది. సూట్ లోపల నీళ్లు కారుతూ మోకాళ్ల దాకా దిగుతాయి. ఛాతీ మీది రంధ్రాలు పనిచేస్తాయా అంటే, బండి కదులుతున్నప్పుడే చేస్తాయి. అది కూడా లేచి కూర్చుని బ్రేక్ వేసేటప్పుడు. స్ట్రెయిట్‌లో ట్యాంక్ మీద పడుకుని ఫెయిరింగ్ (బండి ముందుండే గాలి కవచం) వెనక దాక్కుంటే గాలి తగలదు.

అసలు నరకం సెషన్ (ట్రాక్ మీద తిరిగే వంతు) కాదు, సెషన్ ముందు. పొద్దున స్క్రూటినీ అవుతుంది: అద్దాలు పీకేశారా, హెడ్‌లైట్‌కి టేపు వేశారా, టైరు ఎంత మిగిలింది, హెల్మెట్ పట్టీ గట్టిగా బిగించే డబుల్ డి రింగ్ ఉందా, సూట్ ఎక్కడైనా చిరిగిందా అని చూస్తారు. తర్వాత బ్రీఫింగ్: పసుపు జెండా ఊపితే ఓవర్‌టేక్ చేయకూడదు, ఎర్ర జెండా అయితే నెమ్మదిగా పిట్‌లోకి రావాలి. వేగాన్ని బట్టి గ్రూపులు చేసి, ఒక్కో గ్రూపుకి పావుగంట, ఇరవై నిమిషాలు ఇస్తారు. మన వంతు వచ్చేసరికి పిట్ లేన్‌లో జిప్పు మెడదాకా లాక్కుని, హెల్మెట్ పెట్టుకుని, వేడెక్కిన ఇంజిన్ మీద ఎండలో నిలబడాలి. ముందు గ్రూపులో ఎవరైనా పడితే ఆ నిలబడటం ఇంకా సాగుతుంది. గ్లోవ్స్ ఆఖరున వేసుకోవడం, మార్షల్ (ట్రాక్ సిబ్బంది) చెయ్యి ఊపేదాకా జిప్పు బొడ్డు దాకా దించి ఉంచడం, సెషన్ అవగానే పైభాగం విప్పి చేతులు నడుముకి కట్టేయడం అలవాటైంది.

దీనికి నాకు దొరికిన పరిష్కారం సూట్ కంటే చవకైన వస్తువు: లోపల వేసుకునే పలచటి లైక్రా ఇన్నర్. అది లేకపోతే చెమటకి లైనింగ్ ఒంటికి అతుక్కుని, విప్పేటప్పుడు చేతులు లోపలిది బయటికి తిరిగిపోతాయి. మళ్లీ సరిచేసి దూర్చేసరికి తర్వాతి సెషన్ పిలుస్తారు. ఇంకా, పొద్దున్నుంచే ఓఆర్ఎస్ నీళ్లు, మధ్యాహ్నం పెరుగన్నం మాత్రమే. అక్కడి బిర్యానీ పొట్లం తిన్న మా వాడు ఆ తర్వాతి సెషన్‌లో బ్రేకింగ్ పాయింట్లు మర్చిపోయి, నిద్రమొహంతో తిరిగొచ్చాడు.

సూట్‌కి అసలు పరీక్ష రెండో సీజన్‌లో వచ్చింది. కుడి మలుపులో నా ముందు బండి జారింది, దాన్ని తప్పించే చోటు లేక నాదీ జారింది. లోసైడ్, అంటే టైరు పట్టు తప్పి బండి వాలిన వైపుకే పడిపోవడం. కుడి తుంటి, ముంజేయి మీద తారుపై కొంతదూరం, ఆ తర్వాత మట్టిలో. లేచి నిలబడి చూసుకుంటే తుంటి దగ్గర తోలు పైపొర అరిగి నూగులా లేచింది, లోపలికి చిరగలేదు. చర్మం ఎర్రబడిందంతే. 32 వేలు ఆ మధ్యాహ్నమే వసూలయ్యాయి. కానీ ముంజేతి కుట్టు జానెడు విడిపోయింది. తయారు చేసినవాళ్లకి ఫొటోలు పంపితే "చూస్తాం సార్" అన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

టవర్ క్లాక్ దగ్గర చెప్పులూ బ్యాగులూ కుట్టే అన్నకి చూపిస్తే విషయం తేలింది. "దారం మంచిదే నా. కుట్లు మరీ దగ్గర దగ్గర వేసినారు. బొక్కలెక్కువై తోలే తెగింది" అన్నాడు. తోలు బట్ట కాదు. కుట్టు మరీ చిక్కగా వేస్తే రంధ్రాల వరసలోనే చిరుగు పుడుతుంది. ఆయన పాత బొక్కల పక్కన ఆరెతో కొత్తగా దూరం దూరంగా పొడిచి, మైనం పట్టించిన నైలాన్ దారంతో రెండు వరసలు వేశాడు. మూడొందలు తీసుకున్నాడు. ఇప్పటిదాకా కదల్లేదు. అయినా భుజం, తుంటి, మోకాలు లాంటి నేరుగా నేలకు కొట్టుకునే చోట్ల విడిపోతే మాత్రం రేస్ సూట్లు కుట్టేవాళ్లకే ఇస్తాను. కొత్త సూట్ కొనేటప్పుడు లోపలివైపు తిప్పి కుట్లు చూడండి. దెబ్బ తగిలే చోట్ల కనీసం రెండు వరసలుండాలి, అందులో ఒకటి పైకి కనపడకుండా దాగి ఉండాలి.

ప్యాడ్ల విషయంలో అమ్మేవాళ్ల మాట నమ్మకండి, ముద్ర చూడండి. మోకాలు, మోచేతులు, భుజాల ప్యాడ్లకి ఈఎన్ 1621-1 అనే యూరప్ ప్రమాణం ముద్ర ఉంటుంది. లెవెల్ 1 అయితే సగటున 35 కిలోన్యూటన్ల లోపు, లెవెల్ 2 అయితే 20 లోపు బలాన్ని మాత్రమే లోపలికి పంపాలి. వెన్నుకి వేరే ప్రమాణం, 1621-2. అక్కడ అంకెలు 18, 9. నా సూట్‌లో మిగతావి ముద్ర ఉన్న లెవెల్ 1, వెన్ను జేబులో మాత్రం ముద్ర లేని ఉత్త స్పాంజి ముక్క. ఈ ధరలో చాలా సూట్ల కత ఇదే. లెవెల్ 2 బ్యాక్ ప్రొటెక్టర్ వేరేగా కొనాల్సొచ్చింది. అది వేసుకుంటే వీపు దగ్గర బిగుతు ఇంకొంచెం పెరిగింది.

స్లైడర్లు బాగానే ఉన్నాయి. ఈ ట్రాక్ సవ్యదిశలో తిరుగుతుంది కాబట్టి కుడిది త్వరగా అరుగుతుంది, ఎడమది ఎప్పుడూ కొత్తగానే ఉంటుంది. వెల్క్రోలో మట్టి చేరితే ఊడి ఎగిరిపోతాయి. పాత టూత్ బ్రష్‌తో దులుపుతూ ఉండాలి.

సంరక్షణలో మన ఊరి వాతావరణానికి ఒక తేడా ఉంది. చెన్నైలో ఉండే రైడర్ల సూట్లకి బూజు పడుతుంది, మన దగ్గర తోలు ఎండి పెళుసెక్కుతుంది. ట్రాక్ నుంచి రాగానే తడిగుడ్డతో ఉప్పు, పురుగుల మరకలు తుడిచి, వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించి నీడలో ఆరబెడతాను. ఎండలో మాత్రం వేయకూడదు. ఆరాక లెదర్ కండిషనర్. మొదట్లో ఏడాదికోసారి చాలన్నారు, అనంతపురానికి అది చాలదు, మోకాలి వెనక మడతల్లో సన్నగా పగుళ్లు కనిపించాయి. ఇప్పుడు ప్రతి ట్రాక్ డే తర్వాతా పట్టిస్తున్నా. లైనింగ్ విప్పి ఉతుక్కునే వీలుంది, ఈ సూట్‌లో ఉన్న తెలివైన పని అదొక్కటే. అయినా మా అమ్మ దాన్ని ఇంట్లోకి రానివ్వదు. మెట్ల కిందే దాని చోటు.

బూట్లు, గ్లోవ్స్ మీద చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చీలమండ తిరగకుండా పట్టుకునే బూట్లు, మణికట్టు దాటి పొడుగ్గా ఉండే గ్లోవ్స్ తీసుకుంటే చాలు.

ట్రాక్ మొదటిసారి పోయేవాళ్లు సూట్ కొనకండి. చాలామంది నిర్వాహకులు అద్దెకిస్తారు, ఒకటి రెండు సార్లు వేసుకుంటే మీకు ఏ కొలత ఎక్కడ పట్టేస్తుందో తెలుస్తుంది. రోడ్డు మీద కూడా వాడాలనుకుంటే టూపీస్ చూడొచ్చు, కానీ నడుం చుట్టూ పూర్తిగా కలిసే జిప్పు ఉండాలి. వెనక జానెడు జిప్పు ఉన్నవాటిని ట్రాక్ మీదికి రానివ్వకపోవచ్చు.

నేను ఇప్పుడు కుట్టించుకుంటే ఒక్కటి మారుస్తాను. మోటోజీపీలో 2018 నుంచి ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. ఇప్పుడు సూట్ లోపల వేసుకునే వెస్టులు మనలాంటి వాళ్లకీ దొరుకుతున్నాయి. అది ఉబ్బడానికి ఛాతీ దగ్గర, భుజాల దగ్గర చోటు కావాలి. ఒంటికి అతికినట్టుండే నా సూట్‌లో ఆ చోటు లేదు, తర్వాత విప్పి కుట్టించడం అయ్యే పని కాదు. మీరు కొలతలిచ్చేటప్పుడే వెస్టు వేసుకునే ఉద్దేశం ఉందని చెప్పండి, వీలైతే ఎవరిదైనా అడిగి తెచ్చుకుని, అది వేసుకునే బండెక్కి కొలతలు తీయించుకోండి.