మొక్కల ల్యాబ్‌లో ఏది మేలు: పరిశోధకుడి దారా, టెక్నీషియన్ దారా?

వృక్షశాస్త్రంలో డిగ్రీ చేతికి రాగానే చాలామందికి ఒకే దారి కనిపిస్తుంది: పీహెచ్‌డీ, తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం), ఆపైన సొంత ల్యాబ్. టెక్నీషియన్ ఉద్యోగమంటే పీహెచ్‌డీ సీటు రానివాళ్లు సర్దుకునే చోటన్న భావన బాగా పాతుకుపోయింది. నేను మూడేళ్లు టెక్నీషియన్‌గా చేసి, ఆ తర్వాత పరిశోధనలోకి వచ్చాను. ఆ భావన తప్పు. దాన్ని నమ్మి, చక్కని పనితనం ఉన్నవాళ్లు తమకు సరిపడని దారిలో నలిగిపోవడం కళ్లారా చూశాను.

అప్పట్లో మా ల్యాబ్‌లో అరబిడాప్సిస్ మొక్కలను రోజుకు ఎనిమిది గంటల వెలుతురులో పెంచేవాళ్లం. ఆవాల కుటుంబానికి చెందిన ఈ చిన్న మొక్క పగలు పొడవుగా ఉంటే త్వరగా పూస్తుంది, పగలు పొట్టిదైతే చాలాకాలం ఆకులు వేస్తూనే ఉంటుంది. ఒకసారి ఒక ట్రేలో కొన్ని మొక్కలకు ముందుగానే పూకాడలు లేచాయి. వెతుకుతున్న మ్యూటెంట్ (జన్యువు మారిన మొక్క) దొరికిందని పరిశోధక విద్యార్థి సంబరపడ్డాడు. మా సీనియర్ టెక్నీషియన్ ఆ ట్రేని చాలాసేపు చూశారు. పూసినవన్నీ తలుపు వైపు అంచునే ఉన్నాయి. ఆవిడ రాత్రి దీపాలు ఆరేదాకా ఆగి, మొక్కలు పెంచే చాంబర్ లోపలికి వెళ్లి నిలబడ్డారు. తలుపు రబ్బరు అరిగిన చోటు నుంచి వరండా లైటు సన్నని గీతలా ఆ మొక్కల మీద పడుతోంది. లేని మ్యూటెంట్ వెంట ఆ విద్యార్థి ఏడాది పాటు తిరగకుండా ఆవిడ కళ్లు కాపాడాయి. ఆ చూపు పుస్తకాలతో రాదు, ఏళ్ల తరబడి మొక్కల మధ్య తిరిగితేనే వస్తుంది.

పరిశోధకుడి దారిలో పెద్ద ఆకర్షణ ప్రశ్న మనదే కావడం. ఏం అడగాలో, ఎలా అడగాలో, జవాబును ఎంతవరకు నమ్మాలో మనమే నిర్ణయించుకుంటాం. ఆ స్వేచ్ఛ రుచి తెలిసినవాళ్లకు ఇంకేదీ ఆనదు. కానీ దానికి చెల్లించే మూల్యం పెద్దది. పీహెచ్‌డీకి నాలుగు నుంచి ఆరేళ్లు, తర్వాత రెండు మూడేళ్ల కాంట్రాక్టులతో ఒకటి రెండు పోస్ట్‌డాక్‌లు. చివర్లో ఉండే శాశ్వత ఉద్యోగాలు అర్హుల సంఖ్యకు ఏమాత్రం చాలవు.

మొక్కలతో పనిచేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. కాంట్రాక్టు గడువు ఒక లెక్కన నడుస్తుంది, మొక్క తన లెక్కన నడుస్తుంది. అరబిడాప్సిస్‌లో విత్తనం నుంచి విత్తనానికి ఆరు వారాలు పట్టవచ్చు, మొక్కజొన్నకు నెలలు, చెట్లకు ఏళ్లు. 1998లో వెలువడిన ఫ్లోరల్ డిప్ పద్ధతి వల్ల అరబిడాప్సిస్‌లోకి జన్యువును చేర్చడం తేలికైంది. పూమొగ్గలను, మొక్కలోకి జన్యువును మోసుకెళ్లే అగ్రోబాక్టీరియం అనే బ్యాక్టీరియా ద్రావణంలో కొద్ది సెకన్లు ముంచితే చాలు. అయినా వచ్చే విత్తనాల్లో నూటికి ఒకటీ అరా మాత్రమే కొత్త జన్యువును మోస్తాయి. వాటిని ఏరి, రెండు మూడు తరాలు పెంచి స్థిరమైన వంశాన్ని తీసేసరికి నెలలు గడిచిపోతాయి. అసలు ప్రయోగం అప్పుడే మొదలవుతుంది. రెండేళ్ల కాంట్రాక్టు మీద ఉన్నవారికి ఇది గుండె మీద బరువే.

పైకి ఎదిగినకొద్దీ చేతులు మట్టికి దూరమవుతాయన్నది ముందుగా ఎవరూ చెప్పరు. సొంత ల్యాబ్ వచ్చాక రోజంతా గ్రాంటు దరఖాస్తులకు, పేపర్లు దిద్దడానికి, కమిటీలకే పోతుంది. అమెరికన్ జన్యుశాస్త్రవేత్త బార్బరా మెక్లింటాక్ తన మొక్కజొన్నను తానే నాటి, తానే పరాగసంపర్కం చేసి, గింజల మీది రంగు మచ్చల్లో క్రోమోజోముల్లో చోటు మారే ‘గెంతే జన్యువుల’ జాడ పట్టారు. ఆమెకు నోబెల్ వచ్చింది 1983లో, ఎనభై ఒక్క ఏళ్ల వయసులో. అలా చివరిదాకా చేనులోనే ఉండగలిగిన పరిశోధకులు అరుదు.

టెక్నీషియన్ రోజు మొక్కతో మొదలై మొక్కతో ముగుస్తుంది. మొక్క ముక్కలను పోషకాల మీద పెంచే టిష్యూ కల్చర్ గదిలో నా తొలి నెల గుర్తుంది. 1962లో మురాషిగే, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించిన పోషక మాధ్యమమే ఇప్పటికీ చాలా ల్యాబ్‌లలో వాడతారు. పొగాకు ఆకుల రసంలో తెలియని హార్మోను ఏదో ఉందని వెతకబోయి, ఎదుగుదలకు కారణం ఎక్కువగా ఖనిజ లవణాలేనని వాళ్లు తేల్చారు. కాగితం మీద ఆ సూత్రం ఎవరికైనా ఒకటే. కానీ మొదటి వారం నేను పోసిన ప్లేట్లలో సగానికి బూజు పట్టింది. పట్టకారును మంటలో కాల్చాక అది చల్లారేదాకా ఆగడం, తెరిచిన ప్లేటు మీదుగా చేయి పోనివ్వకపోవడం వంటివి చేతికి అలవడడానికి ఆ నెలంతా పట్టింది. ఒకసారి వచ్చాక ఆ విద్య ఎక్కడైనా అన్నం పెడుతుంది: విత్తన సంస్థల్లో, జన్యు నిధుల్లో, వృక్షోద్యానాల్లో.

లోటు కూడా చిన్నది కాదు. నిచ్చెన పొట్టిది, కొన్నేళ్లకే జీతం పెరగడం ఆగిపోతుంది. చాలా ఉద్యోగాలు ప్రాజెక్టుతోపాటే ముగుస్తాయి. పేపర్‌లో పేరుండాల్సిన చోట చివరి ధన్యవాదాలతో సరిపెట్టడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. బ్రిటన్‌లో 2017లో మొదలైన టెక్నీషియన్ కమిట్‌మెంట్ కింద విశ్వవిద్యాలయాలు, పరిశోధనా సంస్థలు టెక్నీషియన్ల గుర్తింపుకు, వృత్తిలో ఎదుగుదలకు మాట ఇచ్చాయి. ఇలాంటిది ప్రతిచోటా రావాలి.

ల్యాబ్ మేనేజర్, మైక్రోస్కోపీ నిపుణుడు వంటి మధ్యదారులూ ఉన్నాయి. అవి దొరికితే వదలకండి, కాకపోతే చాలా తక్కువ.

మరి ఏది మేలు? ప్రయోగం చెడినప్పుడు మనసులో ముందు ఏం మెదులుతుందో చూసుకోండి. ఎందుకిలా జరిగిందని రాత్రి నిద్ర పట్టకపోతే మీది పరిశోధకుడి దారి. ఈసారి ఇంకా శుభ్రంగా చేస్తానని చేతులు ఉవ్విళ్లూరితే టెక్నీషియన్ ఉద్యోగం మీకు ఎక్కువ సంతోషం ఇస్తుంది. ఏదీ తేలకపోతే ముందు ఒకటి రెండేళ్లు టెక్నీషియన్‌గా చేయండి. అలా చేసి వచ్చినవాళ్లు పీహెచ్‌డీలో తడబడడం నేను తక్కువగా చూశాను. చేరేముందు మాత్రం మూడు సంగతులు అడగండి: మీకు ముందున్న టెక్నీషియన్ ఎన్నేళ్లు ఉన్నారు, ఎందుకు వెళ్లారు, ఆ ల్యాబ్ పేపర్లలో వారి పేరు ఎక్కడుంది.