లీజు వద్దనుకుని బెలూన్ లోన్ మీద ఎలక్ట్రిక్ కారు: గడువు మొత్తం నడిచాక నా సమీక్ష

నాలుగేళ్ల బెలూన్ లోన్ మీద, అంటే నెలనెలా తక్కువ ఈఎంఐ కట్టి చివర్లో ఒకేసారి పెద్ద మొత్తం (దాన్నే బెలూన్ అంటారు) కట్టే లోన్ మీద తీసుకున్న ఎలక్ట్రిక్ కారు ఇప్పుడు పూర్తిగా నాది. చివరి పెద్ద మొత్తం కూడా కట్టేశాను, కాబట్టి మొదటి నెల ఉత్సాహంతో కాకుండా అన్నీ అయిపోయాక రాస్తున్న సమీక్ష ఇది. నా తీర్పు ముందే చెప్తాను. కారును ఎక్కువ కాలం ఉంచుకోవాలనుకునేవాళ్లకి, బాగా తిరిగేవాళ్లకి లీజు (నెల అద్దె కట్టి నడిపి, గడువు అయ్యాక కారు వెనక్కి ఇచ్చేయడం) కంటే ఇదే మేలు, అయితే చివర్లో కట్టాల్సిన మొత్తం ఎంతుండాలో మీరే నిర్ణయించుకుంటేనే. ఆ అంకెను షోరూం వాళ్లకి వదిలేస్తే మాత్రం లీజే నయం.

లెక్క చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. లక్ష అప్పు, ఏడాదికి 9 శాతం వడ్డీ, 48 నెలలు అనుకోండి. మామూలు లోన్ అయితే ఈఎంఐ 2,489 వస్తుంది, మొత్తం వడ్డీ 19 వేల 400 పైన. అదే లక్షలో 40 వేలు చివరికి ఉంచేస్తే ఈఎంఐ 1,793కి దిగుతుంది, వడ్డీ మాత్రం 26 వేలు దాటుతుంది, ఎందుకంటే ఆ 40 వేల మీద 48 నెలలూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఇది చూసి బెలూన్ లోన్ అంటేనే నష్టం అనేవాళ్లున్నారు. లీజులోనూ కారుకి చివర్లో మిగిలే విలువ మీద మీరు వడ్డీ కడుతూనే ఉంటారు, కాకపోతే అది నెల అద్దెలో కలిసిపోయి విడిగా కనిపించదు. కాబట్టి పోల్చాల్సింది మామూలు లోన్ వడ్డీతో కాదు, లీజు మొత్తం ఖర్చుతో.

నేను లీజు వద్దనుకోవడానికి మొదటి కారణం కిలోమీటర్ల పరిమితి. ఎలక్ట్రిక్ కారు తిరిగేకొద్దీ లాభం, కిలోమీటరుకి అయ్యే ఖర్చు పెట్రోలు కంటే బాగా తక్కువ కాబట్టే కదా కొంటాం! అలాంటి కారు తీసుకుని, పరిమితి దాటితే ప్రతి కిలోమీటరుకీ అదనంగా కట్టాలంటే నాకు అర్థం లేదనిపించింది. ఈ లోన్‌లో ఆ గోల లేదు. ఎంత తిరిగానో, బంపర్ మీద గీత పడిందో లేదో అడిగేవాళ్లు లేరు. రెండో కారణం, లీజులో చివరికి కారు మన చేతిలో ఉంటుందన్న నమ్మకం లేకపోవడం. 1996లో అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ ఈవీ1 అనే ఎలక్ట్రిక్ కారును లీజుకి మాత్రమే ఇచ్చింది, నడిపినవాళ్లు కొనుక్కుంటామని ఎంత అడిగినా ఒప్పుకోకుండా వెనక్కి తీసుకుని చాలావాటిని తుక్కు చేసింది. 2019లో టెస్లా మోడల్ 3 లీజు మొదలుపెట్టినప్పుడు కూడా గడువు తర్వాత కొనుక్కునే వీలు ఇవ్వలేదు. అన్ని లీజులూ అలా ఉండవు కానీ, మనం జాగ్రత్తగా చూసుకున్న కారును ఇంకొకరి నిర్ణయం మీద వదిలేయడం నాకు ఇష్టం లేదు.

ఇక లీజుకి ఉన్న అసలు బలం కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని తక్కువ చేస్తే మోసం చేసినట్టే. కారు విలువ అనుకున్నదానికంటే ఎక్కువ పడిపోతే ఆ నష్టం లీజు ఇచ్చినవాళ్లది, మనది కాదు. ఎలక్ట్రిక్ కార్లలో ఇది చిన్న విషయం కాదు. బ్యాటరీ ప్యాక్ ధర 2010లో కిలోవాట్-అవర్‌కి (బ్యాటరీలో పట్టే కరెంటును కొలిచే యూనిట్) వెయ్యి డాలర్ల పైన ఉండేది, 2024కి సగటున 115 డాలర్లకి వచ్చింది. కొత్తవి అలా చౌకవుతుంటే పాతవాటి రేటు నిలబడదు. 2023 జనవరిలో టెస్లా కొత్త కార్ల ధరలు ఒక్కసారిగా తగ్గించడంతో అప్పటికే రోడ్డు మీదున్న వాటి రీసేల్ కూడా దిగిపోయింది. మరుసటి ఏడాది జనవరిలో కార్లు అద్దెకిచ్చే హెర్ట్జ్ కంపెనీ దాదాపు 20 వేల ఎలక్ట్రిక్ కార్లను అమ్మకానికి పెడుతున్నట్టు ప్రకటించింది. బెలూన్ లోన్‌లో ఇలాంటి దెబ్బ తగిలితే భరించాల్సింది మనమే. బ్రిటన్‌లో పీసీపీ అని ఇలాంటిదే ఒక కారు ఫైనాన్స్ పద్ధతి ఉంది, అందులో చివరి విలువకి ఫైనాన్స్ కంపెనీ హామీ ఇస్తుంది, గిట్టదనుకుంటే తాళాలు ఇచ్చేసి వెళ్లిపోవచ్చు. నా ఒప్పందంలో ఆ హామీ లేదు. చాలా బెలూన్ లోన్లలో ఉండదు. సంతకం పెట్టేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

హామీ లేదు కాబట్టి చివరి మొత్తాన్ని తగ్గించమని పట్టుబట్టాను. వాళ్లు ఈఎంఐ చిన్నదిగా కనపడాలని పెద్ద బెలూన్ చూపిస్తారు, మనకీ ఆ చిన్న అంకె ముద్దొస్తుంది. నేను అదే రకం నాలుగేళ్ల పాత కార్లు ఎంతకి అమ్ముడుపోతున్నాయో చూసుకుని, అందులో ఇంకో పావు వంతు కోసేసి, ఆ లోపే బెలూన్ ఉండేలా చేయించుకున్నాను. ఈఎంఐ పెరిగింది. పెరిగినా మధ్యలో కార్ల ధరలు పడ్డాయన్న వార్తలు వచ్చినప్పుడు టెన్షన్ పడలేదు.

ఇంకో సలహా చాలామంది ఇస్తారు, తగ్గిన ఈఎంఐ తేడాను నెలనెలా పక్కన పెట్టుకోమని. మంచిదే, కానీ పై లెక్కలోనే చూడండి, తేడా నెలకు 696, అది 48 నెలలకు 33 వేల చిల్లరే అవుతుంది, కట్టాల్సింది 40 వేలు! మీ పొదుపు మీద కూడా లోన్ రేటంత రాబడి వస్తే తప్ప సరిపోదు. అందుకే నేను ఆ తేడాకి ఇంకొంచెం కలిపి వేరే ఖాతాలో వేస్తూ వచ్చాను. చివర్లో రీఫైనాన్స్, అంటే బెలూన్ కట్టడానికి మళ్లీ కొత్త లోన్ దొరుకుతుందన్న ఆశ పెట్టుకుని కూర్చుంటే అప్పటికి వడ్డీ రేట్లు ఎలా ఉంటాయో ఎవరి చేతుల్లోనూ ఉండదు, పైగా పాత కారు మీద లోన్ రేటు సాధారణంగా కొత్తదాని కంటే ఎక్కువే.

నాకు నచ్చనివి రెండు. ముందుగా కొంత కట్టేస్తే బెలూన్ తగ్గుతుందనుకున్నాను, నాకు లోన్ ఇచ్చినవాళ్ల నిబంధన ప్రకారం ఆ డబ్బు ఈఎంఐలకే జమ అవుతుంది, బెలూన్ కదలదు. ఇది పత్రాల్లో ఎక్కడో లోపల రాసి ఉంటుంది, చదివించుకోండి. రెండోది ఇన్సూరెన్స్. బెలూన్ లోన్‌లో తీసుకున్న అప్పు నెమ్మదిగా తీరుతుంది కాబట్టి మొదటి రెండేళ్లలో కారు విలువ కంటే బాకీయే ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. అలాంటప్పుడు ప్రమాదంలో కారు పూర్తిగా పోతే బీమా ఇచ్చేది మార్కెట్ విలువే, మిగతాది జేబులోంచి కట్టాలి. ఆ తేడాను కూడా కవర్ చేసే పాలసీ తీసుకోవడం ఇక్కడ అవసరం.

గడువు దగ్గరపడ్డాక కట్టాలా, అమ్మేసి బాకీ తీర్చాలా అన్నది బ్యాటరీని బట్టి తేల్చుకున్నాను. సర్వీస్ సెంటర్‌లో పరీక్ష చేయించి రిపోర్టు తీసుకున్నాను, కెపాసిటీ బాగానే ఉంది. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి, కెపాసిటీ 70 శాతం కంటే దిగితే బాగుచేస్తారు లేదా మారుస్తారు. అంటే విలువ ఎక్కువగా పడిపోయే మొదటి నాలుగేళ్లు దాటేశాం, ఏళ్ల లెక్కన వారంటీ ఇంకా సగం మిగిలే ఉంది. లీజు అయితే సరిగ్గా ఈ సమయంలోనే కారు వెనక్కి ఇచ్చి మళ్లీ మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టేవాణ్ణి. రెండు మూడేళ్లకోసారి కొత్త మోడల్ కావాలనుకునేవాళ్లకి, తక్కువ తిరిగేవాళ్లకి లీజే సరైనది, వాళ్లు ఈ తలనొప్పి పెట్టుకోనవసరం లేదు.

చివరి మొత్తం కట్టాక అప్పు తీరిందని లెటర్ రావడానికి నాకు వారాలు పట్టింది, రెండుసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది. కారు అమ్మే ఆలోచన ఉంటే ఆ వ్యవధి కూడా లెక్కలో వేసుకుని కొనేవాళ్లకి తేదీ చెప్పండి, ఎందుకంటే ఆ లెటర్ లేకుండా కారు వాళ్ల పేరు మీదకి మారదు.