టీపీ-లింక్ ఆర్చర్ సీ6: వేరే కంపెనీ ఫైబర్ రూటర్‌కు జోడీగా పనికొస్తుందా?

నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన ఫైబర్ రూటర్ కింద హాల్లో ఉంటుంది, మేడ మీద గదికి వచ్చేసరికి సిగ్నల్ ఒక్క గీతకు పడిపోతుంది. కాంక్రీటు స్లాబు దాటడం 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కష్టమే. అలాంటి ఇంటికి పైన ఇంకో కంపెనీ రూటర్ పెట్టుకుంటే చాలు, ఖరీదైన మెష్ కిట్ (ఇల్లంతా ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు మూడు పెట్టెల సెట్టు) అక్కర్లేదు. కింది నుంచి పైకి కేబుల్ లాగే వీలు మాత్రం ఉండాలి. ఆ పనికి ఆర్చర్ సీ6 చాలా మంచి ఎంపిక.

ముఖ్య కారణం పోర్టులు. సీ6లో కేబుల్ గుచ్చేవన్నీ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులే. ఆర్చర్ సీ50 అట్టపెట్టె మీదా సీ6 లాగే ఏసీ1200 (వైఫై వేగం తరగతి) అనే ఉంటుంది కానీ దాని పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి. 200, 300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నవాళ్ళు అది కొంటే డబ్బులు దండగే.

సెట్టింగ్ సులువు. ముందు ల్యాప్‌టాప్‌కు తగిలించి, అడ్వాన్స్‌డ్‌లో ఆపరేషన్ మోడ్‌కు వెళ్ళి యాక్సెస్ పాయింట్ (కేబుల్‌లో వచ్చే నెట్‌ను వైఫైగా పంచడం మాత్రమే చేసే మోడ్) ఎంచుకోవాలి. రీస్టార్ట్ అయ్యాక కింది రూటర్ ల్యాన్ పోర్టు నుంచి వచ్చే కేబుల్ గుచ్చాలి. ఇక ఐపీ అడ్రసులు (నెట్‌వర్కులో ఒక్కో పరికరానికి ఉండే నంబరు) ఇచ్చే పని కింది రూటర్‌దే. సీ6 పేజీ పాత అడ్రసులో తెరుచుకోకపోతే కంగారు పడకండి, కింది రూటర్ క్లయింట్ లిస్టులో (దానికి కలిసిన పరికరాల జాబితాలో) దాని కొత్త ఐపీ కనిపిస్తుంది. మోడ్ మార్చకుండా రూటర్‌గానే వదిలేస్తే రెండు వేర్వేరు నెట్‌వర్కులు తయారవుతాయి. నెట్ వస్తుంది కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది, తీరా చూస్తే కింది వైఫైలో ఉన్న ఫోన్‌కు పై గది టీవీ, ప్రింటర్ కనబడవు.

వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం రెండింట్లోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే పెట్టండి. ఛానెల్ మాత్రం వేరు: 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 1, ఇంకోదానికి 6 లేదా 11, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 5లో ఒకటి 36, ఇంకొకటి 149.

స్పీడ్ టెస్ట్ ఎన్నిసార్లు చేసినా 94 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంటే రూటర్‌ను తిట్టకండి, కేబుల్ చూడండి. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ అందాలి. కేబుల్ కొసన ఆర్‌జే45 ప్లగ్ బిగించేటప్పుడు (క్రింపింగ్) ఒక్కటి సరిగా కూర్చోకపోయినా లింకు 100కి దిగిపోవచ్చు. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ వద్దు. అసలు రాగి క్యాట్5ఈ అయినా 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది.

లోటు ఒకటుంది. మెట్లెక్కుతుంటే ఫోన్ వెంటనే పై రూటర్‌కు మారదు. మారాలో వద్దో తేల్చుకునేది ఫోనే. ఐఫోన్ అయితే సిగ్నల్ మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలం కొలత) కంటే పడిపోయాకే వేరే దాని కోసం వెతుకుతుంది. సీ6లో వన్‌మెష్ (టీపీ-లింక్ వారి మెష్ పద్ధతి) ఉన్నా అది టీపీ-లింక్ పరికరాల మధ్యే, కింది పెట్టెతో కలవదు. ట్రాన్స్‌మిట్ పవర్ మీడియంకు తగ్గిస్తే కొంత నయం. వీడియో కాల్‌లో ఉండగా మారితే ఒకట్రెండు సెకన్లు ఆగడం మామూలే.

కేబుల్ లాగే దారే లేకపోతే సీ6 తీసుకోకండి. ఆ ఇంటికి ఒకే కంపెనీ ట్రైబ్యాండ్ (మూడు వైఫై బ్యాండ్‌లున్న) మెష్ కిట్టే సరి. దాన్ని కూడా యాక్సెస్ పాయింట్ మోడ్‌లోనే పెట్టి, కింది రూటర్ వైఫై ఆపేయండి.