పాత సీలింగ్ ఫ్యాను బాగుచేసి వాడాక: పడకగదికి సరే, హాలుకు వద్దు

కొన్నేళ్లుగా మా పడకగదిలో తిరుగుతున్న 48 అంగుళాల సీలింగ్ ఫ్యాను 1960ల నాటిది. తాతగారి ఇల్లు పడగొట్టినప్పుడు పాత ఇనుము కింద పోబోతున్నదాన్ని విజయవాడకు తెచ్చుకొని, పెరట్లోని రేకుల షెడ్డులో విప్పి, బాగుచేసుకొని వాడుతున్నాను. ఇలాంటి ఫ్యాను ఇంట్లో ఉండి, అమ్మేయాలా బాగుచేసుకోవాలా అని తటపటాయించేవారికి నా అభిప్రాయం ముందే చెబుతాను. వైండింగ్ (మోటారులోని తీగ చుట్లు) బాగున్న పాత ఫ్యాను మీద పెట్టిన శ్రమ దండగ కాదు గానీ, పొద్దస్తమానం ఫ్యాను తిరిగే గదిలో దాన్ని బిగించుకోవడం మాత్రం దండగే.

విప్పకముందే తేల్చుకోవలసింది వైండింగ్ సంగతి. సీలింగ్ ఫ్యానులో రన్నింగ్, స్టార్టింగ్ అని రెండు వైండింగులు ఉంటాయి, బయటికి మూడు వైర్లు వస్తాయి. కండెన్సరును ఊడదీసి, మల్టీమీటరుతో రెండేసి వైర్ల మధ్య ఓములు చూస్తే మూడు రీడింగులు వస్తాయి. వాటిలో పెద్దది మిగిలిన రెండింటి మొత్తానికి సరిపోతే కాయిల్ ఎక్కడా తెగలేదన్నమాట. పెద్ద రీడింగు చూపిన రెండు వైర్లనూ పక్కన పెడితే మిగిలిన మూడోది కామన్, అంటే రెండు వైండింగులకూ ఉమ్మడి వైరు. ఆ తర్వాత ఇన్సులేషన్ కొలిచే మీటరైన 500 వోల్టుల మెగ్గరుతో, వైండింగుకూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ ఎలా ఉందో చూడాలి. మా ఫ్యాను ఈ పరీక్షలో మొదట అంతంతమాత్రంగానే నిలిచింది. ఏళ్ల తరబడి పట్టిన చెమ్మే కారణమని తోచి, స్టేటరును (కాయిల్ చుట్టి ఉండే కదలని భాగాన్ని) పాతకాలపు ఫిలమెంటు బల్బు వేడికి ఆరబెట్టగా రీడింగు బాగా పెరిగింది, దానిమీద వార్నిష్ పట్టించాను. కాయిల్ నల్లబడి మాడు వాసన వేస్తుంటే మాత్రం ఆశ వదులుకోవడమే మంచిది. రీవైండింగ్ చేసేవారు పాత తీగ గేజీ, చుట్ల సంఖ్య లెక్కచూసి అంతే వేస్తే సరే, చేతికందిన గేజీ చుట్టి ఇస్తే ఆ ఫ్యాను గంట తిరగకుండానే వేడెక్కుతుంది.

అసలు పని బేరింగుల దగ్గరే ఉంది. సీలింగ్ ఫ్యానులో షాఫ్టూ స్టేటరూ కదలవు, వాటి చుట్టూ ఉన్న బాడీయే తిరుగుతుంది. మాది పోత ఇనుప బాడీ కావడంతో ఆ బరువంతా పైనొకటి, కిందొకటి ఉన్న రెండు బేరింగుల మీదే పడుతుంది. మరలు తుప్పుపట్టి కదలకపోతే కిరసనాయిలు పోసి రాత్రంతా నాననిచ్చాను. మూత తీసేముందు, మూతకూ బాడీకీ కలిపి సుత్తి, ఉలితో చిన్న గాటు పెట్టుకుంటే తిరిగి అమర్చేటప్పుడు ఏది ఎటు ఉండేదో వెతుక్కోనక్కర్లేదు. లోపల గ్రీజు ఎండిన బెల్లంపాకంలా గట్టిపడి, గోళీలు ఒకచోట ఆగి మరోచోట జారుతున్నాయి. తుడిచి చూస్తే బేరింగు అంచున 6202 అన్న అంకె కనిపించింది. లోపలి వ్యాసం 15, బయటి వ్యాసం 35, మందం 11 మిల్లీమీటర్లు ఉండే ఈ సైజు ఈనాటికీ ఏ బేరింగుల షాపులోనైనా దొరుకుతుంది. రబ్బరు సీలు ఉన్నది అడక్కుండా, రేకు మూతలున్న జెడ్‌జెడ్ రకం తీసుకోండి. రబ్బరు సీలు రాపిడికి ఫ్యాను కాస్త బరువుగా తిరుగుతుంది. పాతవాటిని పుల్లరుతోనే (బేరింగును పట్టి లాగే పనిముట్టుతోనే) లాగాలి. సుత్తితో కొడితే షాఫ్టు వంగుతుంది, ఆ తర్వాత ఎన్ని బేరింగులు మార్చినా ఊగుడు పోదు.

కండెన్సరు సంగతి చిన్నదే. పాతది సత్తువ తగ్గి ఉంటుంది, 2.5 మైక్రోఫారడ్‌ది కొత్తది వేశాను. రంగు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని (లెడ్‌ను) 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాలకు 90కి, పరిమితం చేసిన నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. కనుక పాత పెయింటును పొడిగా గీకి దుమ్ము రేపకుండా, వాటర్ పేపరుతో తడుపుతూ రుద్దడం మేలు. పాత ఫ్యానుకు కరెంటు అందించే వైర్లు రెండే ఉండేవి, నేను ఎర్తు వైరు కూడా బిగించాను. కొక్కెం దగ్గరి రబ్బరు బిళ్లనూ, డౌన్‌రాడ్ బోల్టులోని స్ప్లిట్ పిన్నునూ బేరం చూడకుండా మార్చేయాలి.

ఇక వాడకంలో తేలినవి. శబ్దం దాదాపు లేదు. మామూలు కొత్త ఫ్యాన్లు నిమిషానికి 350 చుట్లకు అటూఇటూ తిరుగుతుంటే, ఇది అంతకంటే నిదానంగా తిరుగుతూ మంచం మొత్తానికీ మెత్తగా గాలి పంచుతుంది. రోహిణి కార్తెలో మాత్రం ఆ నిదానమే లోపమవుతుంది. సాయంత్రం ఓల్టేజీ పడిపోతే ఇంకా మందగిస్తుంది. హాల్లో ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో నడిచే కొత్తరకం మోటారుది) అదే ఓల్టేజీకి వేగం తగ్గకుండా తిరుగుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద పాతది గుయ్‌మంటుంది, బ్యాటరీని కూడా త్వరగా తాగేస్తుంది.

కరెంటు లెక్క చూస్తే, ఫుల్ స్పీడులో ఇది సుమారు 80 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీకి 30 చాలు. హాల్లో రోజుకు 18 గంటలు తిరిగితే ఆ 50 వాట్ల తేడా దాదాపు ఒక యూనిట్, ఎనిమిది నెలలకు 216 యూనిట్లు. ఆ అదనపు యూనిట్లు పై శ్లాబులో పడతాయని మరచిపోకూడదు. రాత్రి ఎనిమిది గంటలే తిరిగే పడకగదిలో తేడా 0.4 యూనిట్. దాన్ని నేను ఖర్చు కింద లెక్కపెట్టుకోవడం లేదు. అయితే పాతదాన్ని తీసేసి, 2023 జనవరిలో స్టార్ లేబుల్ తప్పనిసరి కాకముందు వచ్చిన మామూలు ఫ్యానునే సెకండ్ హ్యాండులో తెచ్చి పెట్టేవారికి మిగిలేది ఏమీ లేదు, ఎందుకంటే అదీ 75 వాట్ల దాకా లాగుతుంది.

ఫ్యానుతోపాటు వచ్చిన పాత రెగ్యులేటరును నేను వాడలేదు. అందులోని రెసిస్టెన్స్ తీగ, వేగం తగ్గించినప్పుడు కరెంటులో కొంత వేడిగా పోగొడుతుంది. గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ డిమ్మరు పెడితే తక్కువ స్పీడులో మోటారు గుయ్యిమంది. చివరకు కండెన్సర్లతో పనిచేసే స్టెప్ రెగ్యులేటరు కుదిరింది, ఇప్పుడు రెండో నంబరులో కూడా చప్పుడు లేకుండా తిరుగుతోంది.