మోటౌన్ మ్యూజియం: డెట్రాయిట్‌లో పాటలు తయారుచేసిన ఇల్లు

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళం ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ముందు నయాగరాకు తీసుకెళ్తాం, తర్వాత ఫోర్డ్ మ్యూజియానికి, ఆపైన గుడికి. మోటౌన్ అనే పాటల రికార్డుల కంపెనీ నడిచిన, వెస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లోని 2648 నంబరు ఇంటికి మాత్రం ఎవరూ దారి మళ్ళించరు. మా నాన్నగారు విశాఖలో ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. నేను ఇక్కడ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో నాణ్యతా తనిఖీ విభాగంలో ఉన్నాను. మోటౌన్ చరిత్ర మా ఇద్దరికీ నచ్చడానికి పాటలకన్నా ముందు ఆ ఫ్యాక్టరీ వాసనే కారణమనుకుంటాను.

బయటినుంచి చూస్తే మామూలు రెండంతస్తుల ఇల్లు. నుదుటిమీద ‘హిట్స్‌విల్ యు.ఎస్.ఎ.’ అని నీలం అక్షరాలు. దీన్ని 1959లో కొన్న బెర్రీ గోర్డీ అంతకుముందు బాక్సింగు చేశాడు, జాజ్ రికార్డుల దుకాణం పెట్టి నష్టపోయాడు, లింకన్-మెర్క్యురీ కార్ల ప్లాంటులో అసెంబ్లీ లైనుమీద పనిచేశాడు. ఒక చివర ఉత్త ఇనుప చట్రంగా బయల్దేరింది మరో చివర నిగనిగలాడే కారై బయటికి రావడం అతను రోజూ చూశాడు. మనుషులతో కూడా అలా చేయవచ్చు కదా అనుకున్నాడు: వీధిలో పాడుకునే కుర్రవాడు ఒక తలుపులో లోపలికి వెళ్ళి, మరో తలుపులోంచి తారగా బయటికి రావాలి. కుటుంబ సభ్యులు ఉమ్మడిగా దాచుకున్న నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని 1959 జనవరిలో టామ్లా అనే పేరుతో కంపెనీ మొదలుపెట్టాడు. మోటౌన్ పేరు మరుసటి ఏడాది వచ్చింది. మోటార్ల ఊరు కాబట్టి మోటౌన్.

టూరు గంటకు కాస్త అటూఇటూ ఉంటుంది, వెంట గైడు ఉంటారు. పై అంతస్తులో పైకప్పుకు ఒక రంధ్రం ఉంది. దాని కింద నిలబడి చప్పట్లు కొడితే శబ్దం అటకలోకి వెళ్ళి గుండ్రంగా తిరిగివస్తుంది. ప్రతిధ్వని కోసం ఖరీదైన యంత్రం కొనలేక అటకనే వాడుకున్నారు! నాన్నగారు ఆ రంధ్రం కింద నిలబడి ‘శివశంకరీ’ అని ఒక్కసారి సాగదీస్తే మా గుంపులోవాళ్ళంతా ఆయనకే చప్పట్లు కొట్టారు.

టికెట్టు డబ్బులు గిట్టుబాటయ్యేది మాత్రం కింద పాటలు రికార్డు చేసిన స్టూడియో ‘ఎ’లో. పాత ఫోటో స్టూడియోనే మార్చిన గది ఇది. నేలకంటే దిగువగా ఉంటుంది, పైనుంచి వేలాడే తీగల వల్ల దీన్ని ‘పాముల గుంత’ అనేవారట. కంట్రోలు గదిలో ఇంజనీరు కూర్చునే చోట నేల అరిగిపోయి ఉంది. ఏళ్ళ తరబడి కాలితో తాళం వేసిన గుర్తు అది. మొత్తం మ్యూజియంలో నేను ఎక్కువసేపు చూసింది ఆ అరుగుదలనే. మరో సంగతి: కొనేవాళ్ళు పాటను ఎక్కువగా వినేది కారు రేడియోలో కాబట్టి, మంచి స్పీకర్లలో విని తృప్తి పడకుండా, కారు రేడియోలాంటి చిన్న స్పీకరులో కూడా వినిపించి చూసేవారు. సరుకును వాడకందారు దగ్గరే పరీక్షించడమంటే ఇదే. మా కంపెనీలో దీనికి ఎన్ని మీటింగులు పెడతారో!

ఇక్కడ నాణ్యతా తనిఖీ అనే పేరుతోనే ఒక విభాగం ఉండేది. శుక్రవారం సమావేశంలో పాటలు వినిపించి ఓటు వేయించేవారు. జేబులో చివరి డాలరు ఉండి ఆకలేస్తుంటే ఈ రికార్డు కొంటావా, శాండ్‌విచ్ కొంటావా అని గోర్డీ అడిగేవాడు. మంచి ప్రశ్నే. కానీ తనిఖీ చేసేవాడిగా నాకు కిక్కిచ్చిన కథ వేరు. మోటౌన్ గాయకుడు మార్విన్ గే పాడిన ‘ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్’ పాటను గోర్డీ 1967లో విడుదల చేయనివ్వలేదు. అదే పాటను గ్లాడిస్ నైట్ బృందం పాడితే 1967 చివర్లో అమెరికా హిట్ పాటల జాబితాలో రెండో స్థానం దాకా వెళ్ళింది. పక్కన పెట్టిన మార్విన్ గే పాట మరుసటి ఏడాది ఒక ఆల్బంలో మూలన చేరి, రేడియోవాళ్ళు దాన్నే పట్టుకోవడంతో విడిగా విడుదలై ఏడు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. 1971లో వచ్చిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ పాట విషయంలోనూ గోర్డీ వద్దన్నాడు, మార్విన్ గే పట్టుబట్టాడు, లోకం మార్విన్ గే పక్షానే నిలిచింది. ఎంత గొప్ప తనిఖీ విధానమైనా కొత్త రకం సరుకును చూసి తడబడుతుందని ఈ రెండూ చెబుతాయి.

మిగతా మైలురాళ్ళు గోడలమీద వరుసగా ఉంటాయి. 1960లో మిరకిల్స్ బృందం పాట ‘షాప్ అరౌండ్’ తొలి పది లక్షల అమ్మకం. 1961లో మార్వెలెట్స్ బృందం పాట ‘ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్’తో తొలి నంబర్ వన్. 1963లో 13 ఏళ్ళ స్టీవీ వండర్ నంబర్ వన్. అదే ఏడాది జూన్‌లో డెట్రాయిట్‌లో మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసంగాన్ని రికార్డుగా తెచ్చింది కూడా ఈ కంపెనీయే. 1964-65లో సుప్రీమ్స్ బృందానికి వరుసగా అయిదు నంబర్ వన్‌లు. గాయనీ గాయకులకు నడకా మాటా నేర్పడానికి మాక్సీన్ పావెల్, అడుగులు నేర్పడానికి చోలీ అట్కిన్స్ ఉండేవారు.

నాకు అసంతృప్తి ఒక్కటే, అది మ్యూజియంమీద కాదు, చరిత్రమీద. ఈ పాటలన్నిటికీ వాద్యం వాయించిన ఫంక్ బ్రదర్స్ పేర్లు ఏళ్ళపాటు రికార్డు అట్టలమీద లేవు. బేస్ గిటారు వాయించిన జేమ్స్ జేమర్సన్‌కు 1971 నాటి ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బంలో గానీ పేరు దక్కలేదు. మన పాత సినిమా పాటల వాద్యకారులదీ అదే గతి కనుక, ‘ఇక్కడా అంతేనన్నమాట’ అన్నారు నాన్నగారు. 1972లో కంపెనీ లాస్ ఏంజిలిస్‌కు తరలిపోయింది, ఈ వాద్యకారుల్లో చాలామంది డెట్రాయిట్‌లోనే ఉండిపోయారు. 1988లో గోర్డీ కంపెనీని 6 కోట్ల 10 లక్షల డాలర్లకు అమ్మాడు. అంతకు మూడేళ్ళ ముందే ఆయన అక్క ఎస్తర్ గోర్డీ ఎడ్వర్డ్స్ ఈ ఇంటిని మ్యూజియంగా మార్చింది. ఆవిడ ఇక్కడే ఉండిపోయి కాగితాలూ వస్తువులూ పారేయకుండా దాచబట్టే మనం చూడడానికి ఇంత మిగిలింది.

టికెట్లు ముందే తీసుకోండి, శని ఆదివారాల్లో రద్దీ ఎక్కువ. గదులు ఇరుకు, మెట్లు ఎక్కాలి, కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళ సంగతి ముందుగా కనుక్కోండి. పాటలు బొత్తిగా తెలియని చిన్నపిల్లలకు గంటసేపు విసుగే. వెళ్ళే ముందు గ్రేప్‌వైన్ పాట రెండు రూపాలూ ఇంట్లో విని వెళ్ళండి, స్టూడియోలోకి దిగాక జేమర్సన్ ఎక్కడ కూర్చుని వాయించేవాడో గైడును అడగండి.