రాత్రి గుండెల్లో మంట: ఎడమకు ఒత్తిగిలడమా, మంచం తలవైపు ఎత్తడమా?

ఈ రెండింటిలో ఏది మేలని తరచూ అడుగుతుంటారు. రెండూ పనిచేసేవే, కానీ పనిచేసే తీరు వేరు.

పొట్టలోని యాసిడ్ కొంత పైకి తన్నడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ మామూలే. పగలు అది తెలియదు. గుటక వేయగానే అన్నవాహిక అలలా ముడుచుకుని, పైకొచ్చిన దాన్ని కిందికి తోసేస్తుంది. గోడకు అంటుకుని మిగిలిన పులుపును ఉమ్మిలోని బైకార్బొనేట్ విరిచేస్తుంది. నిద్రపట్టాక గుటకలు బాగా తగ్గిపోతాయి, ఉమ్మి ఊరడం దాదాపు ఆగిపోతుంది. అంటే కాపలావాళ్లు ఇద్దరూ ఒకేసారి కునుకు తీస్తారు. అందుకే రాత్రిపూట యాసిడ్ ఎన్నిసార్లు పైకొచ్చిందన్న దానికన్నా, వచ్చింది ఎంతసేపు నిలిచిందన్నదే ముఖ్యం. నా దృష్టిలో తేల్చేది ఇదే.

ఇక్కడ ఎడమవైపుదే పైచేయి. పొట్ట పైభాగం ఎడమకు ఉబ్బి ఉంటుంది. ఎడమకు ఒత్తిగిలితే యాసిడ్ ఆ ఉబ్బులో మడుగు కడుతుంది, అన్నవాహిక మూతి దానికి పైన ఉంటుంది. కుడికి తిరిగితే మూతి మడుగులో మునుగుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2022లో నిద్రలోనే కొలిచి చూశారు. యాసిడ్ పైకొచ్చిన సంఖ్యలో పెద్ద తేడా లేదు. అది దిగిపోవడానికి మాత్రం ఎడమవైపు సుమారు 35 సెకన్లు, వెల్లకిలా 76, కుడివైపు 90 పట్టింది.

చిక్కల్లా నిద్రలో దొర్లడమే. వీపు వెనక పొడవాటి దిండు ఆనించి, మోకాళ్ల మధ్య ఇంకొకటి పెట్టుకుంటే చాలామంది అలాగే ఉండిపోతారు. ఎడమ భుజం నొప్పి ఉన్నవాళ్లకూ, గుండె బలహీనమై ఎడమకు పడుకుంటే ఆయాసం వచ్చేవాళ్లకూ ఇది కుదరదు.

అలాంటివాళ్లకు మంచం ఎత్తడమే దారి. ఎటు దొర్లినా దాని పని అది చేస్తుంది. తలవైపు కోళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. పడుకోబెట్టిన ఇటుకలు రెండేసి పెడితే 15 వస్తుంది. కానీ గచ్చు నున్నగా ఉంటే జారతాయి. కోడు దిగేలా గుంట చెక్కిన చెక్క దిమ్మ అయితే నయం. అడుగున సామాన్ల అర ఉండే మంచాన్ని ఎత్తలేం కాబట్టి, నడుము దాకా వచ్చే వాలు ఫోమ్ దిమ్మ కొనుక్కోవాలి. తెల్లారేసరికి కాళ్లవైపు జారిపోతున్నామన్న ఫిర్యాదు మాత్రం మామూలే. పక్కన పడుకునేవాళ్ల గొణుగుడు సరేసరి.

తల కింద రెండు మూడు దిండ్లు పేర్చడం దండగ. మెడ వంగి, నడుము దగ్గర మడతపడి, పొట్ట మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. వంటసోడా పులుపును క్షణాల్లో విరుస్తుంది కానీ, గ్యాస్‌తో పొట్ట ఉబ్బి, అన్నవాహిక మూతిని మూసి ఉంచే కవాటం మళ్లీ వదులవుతుంది. అందులో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. పాంటోప్రజోల్ మాత్ర పులుపును తగ్గిస్తుందే గానీ పైకి తన్నడాన్ని ఆపదు. అదీ తినడానికి అరగంట ముందు వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తుంది.

ఈ రాత్రికి ఎడమకు ఒత్తిగిలి చూడండి, పడుకునే మూడు గంటల ముందే భోజనం ముగించి. రెండు వారాలకూ మంట తగ్గకపోతే ఇటుకలు తెచ్చుకోండి. మింగుతుంటే అడ్డుపడినా, బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వచ్చినా ఈ ప్రయోగాలు మాని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నొప్పి చేతికో దవడకో పాకితే అది గుండెది కావచ్చు, తెల్లారేదాకా ఆగకూడదు.