ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద 250 రూపాయల నిఘంటువు: కొనొచ్చు, కానీ పేజీలు చూసుకోండి

క్రిస్మస్‌కి స్కూల్లో ఏదో నాటకం వేస్తున్నారట, మా చిన్నది వచ్చి "నాన్నా, మిసిల్‌టో అంటే ఏ వేలు?" అని అడిగింది. టో అంటే కాలివేలు కాబట్టి ఇదీ ఏదో వేలే అయ్యుంటుందని దాని లెక్క. నాకూ తెలీదు. ఫోన్లో చూసి చెప్పేయొచ్చు గానీ, ఆ ఆదివారం ఆబిడ్స్ వైపు పని పడింది, షాపులు మూసి ఉంటాయి గనక ఫుట్‌పాత్ నిండా పుస్తకాలే, అక్కడ అట్ట చిరిగిన లావుపాటి నిఘంటువు ఒకటి కనిపించింది, ఇంగ్లీషు పదాలు ఎలా పుట్టాయో చెప్పేది. 400 అన్నాడు. 200కి అడిగితే "గంతకు నాకే పడలే సార్" అన్నాడు. 250కి తెగింది.

ఆ ఒక్క పదంతోనే డబ్బులు వసూలు. మిసిల్‌టోలో అసలు కాలివేలే లేదు! అది చెట్టు కొమ్మల మీద పడి బతికే మొక్క, మన మామిడిచెట్లకు పట్టే బదనిక లాంటిది. పాత ఇంగ్లీషులో దాని పేరు చివర 'టాన్' ఉండేది, టాన్ అంటే పుల్ల. కానీ అప్పట్లో కాలివేలిని 'టా' అనేవాళ్లు, వేళ్లయితే 'టాన్'. దాంతో జనం ఈ పుల్లను కూడా బహువచనం అనుకుని చివరి 'న్' పీకేశారు, పుల్ల కాస్తా వేలై కూర్చుంది. ఇది చెబితే మా చిన్నది పడీపడీ నవ్వింది.

'టో ద లైన్' దగ్గర మాత్రం నా పరువే పోయింది. ట్రాఫిక్ వాళ్లు బళ్లు టో చేసుకుపోతారే, ఆ టో అనుకుని ఇన్నాళ్లూ ఆఫీసు మెయిళ్లలో ఆ స్పెల్లింగే రాశాను. పరుగుపందెంలో గీతకు కాలివేళ్లు ఆనించి బుద్ధిగా నిలబడడమట అది, అందుకే చెప్పినట్టు నడుచుకోవడం అనే అర్థం వచ్చింది.

ఇక లోపాలు. అక్షరాలు ఆవగింజలంత, బైండింగ్ దారాలు బయటికొచ్చాయి. అసలు కోపం ఏంటంటే, డాక్టర్లు కాలి బొటనవేలిని 'హాలక్స్' అంటారు కదా, అదీ చూద్దామని తీస్తే 'హెచ్'లో మొదటి పేజీలన్నీ గాయబ్. తర్వాతి ఆదివారం వెళ్లి అడిగితే "నేనేమన్న చింపిన్నా సార్?" అన్నాడు. అని, పక్కనున్న పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు, దానికి పైసలు తీసుకోలేదు.